పాప నిద్రపోతేనే బేరా చేస్తామంటారెందుకు?

ప్రశ్న: మా పాపకు నాలుగు నెలలు. పుట్టినప్పుడు కామెర్లు బాగా ఎక్కువై వారం రోజులు ఐసీయూలో ఉంచారు. అక్కడ చేసిన ఓఏఈ (లోపలి చెవి పనిచేస్తోందా అని చూసే) పరీక్షలో ఒక చెవికి ‘రిఫర్’ (పాస్ కాలేదు, మళ్లీ చూడాలి) అని వచ్చింది. పోయిన వారం బేరా (శబ్దం చెవి నుంచి మెదడు దాకా చేరుతోందా అని చూసే) టెస్టుకు తీసుకెళ్తే సగంలో లేచి ఏడుపు అందుకుంది, ఆపేశారు. రిపోర్టులో ‘అలలు స్పష్టంగా లేవు, మళ్లీ చేయాలి’ అని రాశారు. అంటే వినపడట్లేదనా? మా అత్తగారేమో గరిటెతో పళ్లెం మీద కొడితే చూస్తోందిగా, ఇంకా ఈ వైర్లెందుకు అంటున్నారు.
— ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. ‘అలలు స్పష్టంగా లేవు’ అంటే ‘వినపడట్లేదు’ అని కాదు. ఏడుస్తున్న పిల్ల గ్రాఫు చూసి ఎవరూ ఏమీ తేల్చకూడదు. వాళ్లు తేల్చలేదు, మళ్లీ రమ్మన్నారు. మంచి పని చేశారు.

నుదుటి మీద, చెవుల వెనక అంటించిన ఆ ఎలక్ట్రోడ్లు (వైర్ల చివరి బిళ్లలు) ఏం వెతుకుతాయో తెలిస్తే మీకు సగం దిగులు పోతుంది. చెవిలో ‘టక్’మని ఒక క్లిక్ వినిపిస్తారు, సెకనులో పదివేలో వంతు సేపు. ఆ శబ్దం చెవి నరం దగ్గర్నుంచి మెదడు కాండం దాకా వెళ్లే దారిలో, సుమారు 10 మిల్లీసెకన్ల లోపు, చిన్న చిన్న కరెంటు అలలు లేస్తాయి. 1971లో అమెరికాలో జ్యువెట్, విల్లిస్టన్ అనే పరిశోధకులు వాటికి రోమన్ అంకెలు పెట్టారు, ఇప్పటికీ అవే వాడతాం. అన్నిట్లో ముఖ్యమైంది ఐదోది. శబ్దం తగ్గించుకుంటూ పోతే చివరిదాకా కనిపించేది అదే. దాని ఎత్తు అర మైక్రోవోల్టు, ఒక్కోసారి అంత కూడా ఉండదు. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు ఉంది చూడండి, దాని వోల్టేజీలో ముప్పై లక్షలో వంతు!

మెదడు తన పాటికి తాను పుట్టించే అలలు దానికి పదుల రెట్లు పెద్దవి, ఇక పాప ఏడిస్తే మెడ, దవడ కండరాల కరెంటు వాటినీ మించిపోతుంది. మరి ఆ చిన్న అలని పట్టుకునేదెలా? ఒకే క్లిక్‌ని 2000 సార్లు వినిపించి, వచ్చిన రికార్డులన్నీ సగటు తీస్తారు. చెవి జవాబు ప్రతిసారీ అదే క్షణానికి వస్తుంది కాబట్టి నిలబడుతుంది. మెదడు, కండరాల గోల ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది కాబట్టి దానికదే కొట్టుకుపోతుంది. కాకపోతే ఇక్కడ ఒక తిరకాసుంది, గోల సగానికి తగ్గాలంటే క్లిక్‌లు నాలుగింతలు కావాలి. సెకనుకు 27 చొప్పున 2000 క్లిక్‌లకు పట్టేది నిమిషంపావు. పాప కదులుతూ గోల పదింతలైతే అదే స్పష్టతకు వందరెట్లు, అంటే రెండు గంటలు, అదీ ఒక్క శబ్ద స్థాయికే. నిద్రపుచ్చండమ్మా అని అంతగా బతిమాలేది అందుకే.

ఇంకొకటి, ప్రతి స్థాయిలోనూ రెండుసార్లు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. రెండిట్లోనూ అదే చోట అల లేస్తేనే అది నిజమైన జవాబు. 1947లోనే లండన్‌లో జార్జ్ డాసన్ అనే పరిశోధకుడు ఇలా చాలా రికార్డులు ఒకే ఫోటో మీద పడేలా తీసి, ఒంటరిగా కనపడని జవాబుని బయటపెట్టాడు. మీ రిపోర్టులో ఒక్కో స్థాయికి ఒక్క గీతే ఉంటే రెండోది ఏదని అడగండి, మొహమాటపడొద్దు.

అత్తగారి మాట తీసిపారేయను, కానీ పళ్లెం మోత చాలా పెద్దది, పైగా చెయ్యి కదలడం చూసి కూడా పిల్లలు తిరుగుతారు. ఒక చెవి బాగున్నా చాలు, తల తిప్పుతారు. మీ పాప విషయంలో నాకు ముఖ్యంగా తోచేది ఆ కామెర్లు. బిలిరుబిన్ (కామెర్లలో ఒంట్లో పేరుకునే పసుపు పదార్థం) బాగా పెరిగితే లోపలి చెవి బాగానే ఉండి నరం దెబ్బతినొచ్చు, అప్పుడు ఓఏఈ పాసవుతుంది, బేరాలో మాత్రం తెలిసిపోతుంది. అందుకని పాసైన చెవికి కూడా బేరా చేయించండి. మూడు నెలలకల్లా తేల్చుకుని, లోపముంటే ఆరు నెలల్లోపు వినికిడి మిషన్ పెట్టాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. మీకు ఇప్పటికే నాలుగు. ఈ వారమే వెళ్లండి.

వెళ్లే రోజు తలకి, నుదుటికి నూనె రాయకండి, పౌడరూ వద్దు. ముందు రోజే తలంటి పోయండి. నూనె చర్మం మీద ఎలక్ట్రోడ్ సరిగా అంటదు, కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ రొద దూరిపోతుంది. పొద్దున్నే లేపి, దారిలో నిద్రపోనివ్వకుండా తీసుకెళ్లి, ఎలక్ట్రోడ్లు అంటించాకే పాలివ్వండి. ఈ వయసు పిల్లలు చాలామంది మందు లేకుండానే అలా ఒళ్లోనే నిద్రపోతారు.

ప్రశ్న: ఆ వైర్లతో పసిపిల్లకి షాక్ కొట్టదా? నిద్రమందు ఇంటి దగ్గరే పట్టొచ్చా?
— ఒక తాతయ్య, ఖమ్మం

జవాబు: కొట్టదండీ. అవి పాప ఒంట్లోంచి వచ్చే సిగ్నల్‌ని తీసుకునేవే, లోపలికి కరెంటు పంపి చేసే పరీక్ష కాదిది. మందు మాత్రం ఇంట్లో పట్టొద్దు. బరువు చూసి డోసు లెక్కగట్టాలి, పట్టాక పాప ఊపిరిని కనిపెట్టుకుని ఉండే మనిషి పక్కన ఉండాలి. ఆసుపత్రిలో, డాక్టరు ఉండగానే.