చీటీ డబ్బు వస్తోంది, బంగారం కొననా?

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. విజయవాడ సింగ్‌నగర్‌లో అద్దెకు ఉంటున్నాం. మా ఆయన పోయి నాలుగేళ్లయింది. పాప తొమ్మిది, బాబు అయిదు చదువుతున్నారు. బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టులో 10,000 జీతం, పింఛను 4,000, జాకెట్లు కుడితే ఇంకో 2,000 వస్తాయి. ఇంటి ఖర్చు 13,000. వీధిలో నెలకు 2,000 చొప్పున వేసిన చీటీ పూర్తయి 47,500 రాబోతోంది. 2024లో ఇల్లు మునిగినప్పుడు కూడా చీటీ ఆపలేదు. కుట్టు మిషన్ బాగుచేయించడానికి అప్పుడు డైలీ ఫైనాన్స్ తీసుకున్నా. 10,000కి నోటు రాయించుకుని 8,500 ఇస్తారు, వంద రోజులు రోజుకు వంద. అది తీరగానే మళ్లీ తీసుకోవాల్సి వస్తోంది. ఇప్పుడు 6,000 బాకీ. పాప పెళ్లికి పనికొస్తుంది, బంగారం కొనమని మా అక్క అంటోంది. కొనమంటారా?

జవాబు: వద్దమ్మా. ఇప్పుడు కొన్న బంగారం పాప పెళ్లిదాకా మీ బీరువాలో ఉండదు. ఏడాది తిరక్కుండా తాకట్టుకు పోతుంది.

మీ లెక్కే చూడండి. ఇంటికి 13,000, చీటీకి 2,000, ఫైనాన్స్‌కి 3,000. వచ్చేది 16,000, పోయేది 18,000. ఆ తేడా పూడ్చుకోవడానికే ఒక నోటు తీరగానే ఇంకో నోటు రాస్తున్నారు. ఒక చేత్తో దాస్తూ ఇంకో చేత్తో అప్పు చేసే తల్లుల ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

వరదలో కూడా చీటీ ఆపలేదని గర్వంగా రాశారు. ఆ పట్టుదల గొప్పదే. కానీ ఆ రోజు మీ దగ్గర పది వేలు విడిగా ఉంటే ఫైనాన్స్ గడప తొక్కేవారు కాదు. బుడమేరు వాగు ముంచింది సెప్టెంబరు 1న. కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ప్రకటించిన 25,000 అందేసరికి నెలాఖరైంది. ఆ మధ్య రోజుల కోసమే అత్యవసర నిధి. భార్యాభర్తలిద్దరూ సంపాదించే ఇంట్లో ఒకరి జీతం ఆగితే ఇంకొకరిది ఉంటుంది. మీకు ఆ రెండో జీతం ఈ నిధే. ప్రభుత్వ వైద్యసేవ కార్డు ఉందిగా అనకండి. అది ఆపరేషన్ ఖర్చు చూస్తుంది గానీ, మీరు నెల రోజులు కొట్టుకు వెళ్లకపోతే ఆ జీతం ఎవరిస్తారు?

ఇక ఆ ఫైనాన్స్. చేతికొచ్చేది 8,500, రోజూ అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి లెక్క తేలిస్తే నెలకు నూటికి పది రూపాయల వడ్డీ. ఏడాదికి 120 శాతం! మీరు కొనబోయే బంగారమైనా, ఇంకేదైనా ఏటా ఇంత పెరుగుతుందని ఎవరైనా హామీ ఇస్తారా? 2015లో అధిక వడ్డీ అప్పులిచ్చి ఆడవాళ్లను వేధించిన కాల్‌మనీ వ్యవహారం బయటపడి అంత గొడవ జరిగిన ఊళ్లో, ఇంకా ఇలాంటి నోట్ల మీద సంతకాలు పెడుతున్నారంటే నాకు కోపం వస్తుంది. మీ మీద కూడా, కొంచెం. ఫోన్లో అయిదు నిమిషాల్లో అప్పిస్తామనే యాప్‌ల జోలికీ వెళ్లకండి.

47,500లో ముందు 6,000 పారేసి ఆ బాకీ ముగించండి. వడ్డీ ముందే కోసుకున్నాడు కాబట్టి కొంత తగ్గించమని అడగండి. తగ్గించకపోయినా కట్టేయండి. లేదంటే వందో రోజున 'ఇంకోటి రాయమంటారా అక్కా' అంటాడు, మీరు ఊ అంటారు. మిగిలే 41,500 మీ ఇంటికి మూడు నెలల ఖర్చు. అందులో 30,000ని పదేసి వేలు మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేయండి. ఒకటే పెద్దది చేస్తే నాలుగు వేల అవసరానికి మొత్తం విరగ్గొట్టాలి. మిగతా 11,500 ఫోన్‌పే తగిలించని వేరే ఖాతాలో ఉంచండి. ఈ సంగతి అక్కకూ చెప్పొద్దు. డబ్బుందని తెలిస్తే అడిగేవాళ్లు వస్తారు, మీకు కాదనడం రాదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

కొత్త చీటీ వద్దు. ఆ 2,000 ఇదే నిధిలోకి, 80,000 అయ్యేదాకా. పిల్లల చదువుకు ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం డబ్బు వస్తే అదీ ఇందులోకే. ఆ తర్వాత బంగారం గురించి మాట్లాడుకుందాం, అదీ నగలు కాదు, తరుగు, మజూరీ దండగ. పాపకు పదేళ్లు దాటాయి కాబట్టి ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధి కుదరదు. మరీ అవసరమైతే మెప్మా (పట్టణ మహిళల పొదుపు) సంఘం అప్పు నయం.

బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా మాత్రం వెంటనే తీసుకోండి. మే నెలాఖరున ఖాతా ఖాళీగా ఉంటే ప్రీమియం కట్ కాక బీమా పోతుంది. పిల్లలు మైనర్లు కదా, నామినీ పేరు కింద నమ్మకమైన పెద్దవాళ్ల పేరు కూడా రాయించండి.

చీటీ డబ్బు చేతికి రాగానే ఫైనాన్స్ అతన్ని పిలవండి. నోటు వెంట తెమ్మని ముందే చెప్పండి. దాని వెనక చెల్లు రాయించి, ఆ కాగితం మీ చేతికి వచ్చాకే 6,000 ఇవ్వండి.