వేదికపై ఎలక్ట్రిక్ గిటార్ గుయ్‌మంటుంటే ఏం చేయాలి?

ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్టతో ధ్వనిని గ్రహించే) గిటార్ వేదిక ఎక్కగానే గుయ్‌మంటే, లోపం చాలావరకు గిటార్‌ది కాదు, చుట్టూ ఉన్న విద్యుత్ పరికరాలది. తంత్రుల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లో వేల చుట్లుగా ఉండే సన్నని రాగి తీగ, తంత్రుల కంపనంతో పాటు ట్రాన్స్‌ఫార్మర్లు, లైటింగ్ డిమ్మర్లు వెదజల్లే అయస్కాంత క్షేత్రాన్ని కూడా గ్రహిస్తుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఆ గుయ్‌మనే శబ్దం (హమ్) 50, 100 హెర్ట్జ్‌ల వద్ద వినిపిస్తుంది.

ముందుగా గిటార్ వాల్యూమ్‌ను సున్నాకు తగ్గించండి. అప్పటికీ శబ్దం ఆగకపోతే కేబుల్‌నో, పెడళ్ల అడాప్టర్‌నో, రెండు ఆంప్లిఫయర్ల మధ్య ఏర్పడిన గ్రౌండ్ లూప్‌నో (ఎర్త్ దారులు కలిసి ఏర్పడే వలయం) అనుమానించాలి. లూప్‌ను, తీగలు నేరుగా కలవకుండానే సంకేతాన్ని దాటించే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో తెంచవచ్చు గానీ, ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ తీసేయకూడదు. అది ప్రాణాలకే ముప్పు.

వాల్యూమ్ తగ్గించగానే ఆగితే, నిలబడిన చోటే మెల్లగా పక్కకు తిరిగి చూడండి. దిశను బట్టి హమ్ తగ్గుతూ పెరుగుతుంటే అది అయస్కాంత క్షేత్రం పనే. చాలామంది సలహా ఇచ్చే రాగి రేకు కవచం దీనికి దాదాపు పనికిరాదు. తంత్రులను తాకగానే తగ్గే గరగరకే అది మందు. మూడు పికప్‌ల గిటార్‌లో మధ్య పికప్‌ను వ్యతిరేక దిశలో చుట్టి, దాని అయస్కాంత ధ్రువాలను తిప్పి ఉంటే, పికప్‌లను ఎంచుకునే సెలెక్టర్‌ను 2 లేదా 4వ స్థానంలో ఉంచితే చాలు, రెండు పికప్‌ల హమ్ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. గిటార్ కంపెనీ గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో రూపొందించిన, రెండు తీగచుట్టల పికప్ అయిన హంబకర్‌ది కూడా ఇదే సూత్రం. వాయించనప్పుడు ధ్వనిని ఆపేసే నాయిస్ గేట్ అనే పరికరం విరామాల్లోని శబ్దాన్నే కప్పిపెడుతుంది, స్వరం మోగుతున్నంతసేపూ హమ్ దాని వెంటే ఉంటుంది.