నటోరియస్ ప్రిన్సిపాల్ గారు

చిరంజీవి చిన్నతల్లికి,

తాతయ్య ఆశీస్సులు. ఉద్యోగానికి రాసిన దరఖాస్తు ఒకసారి చూసిపెట్టమని నువ్వు పంపిన కాగితం అందింది. రెండో పేరా దగ్గర ఆగిపోయాను. ‘మా కాలేజీ నటోరియస్ ప్రిన్సిపాల్ గారి చేతుల మీదుగా బహుమతి అందుకున్నాను’ అని రాశావు. నవ్వీ నవ్వీ పొలమారితే మీ నానమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఈ కాగితం ఆయన కంట పడకపోవడం నీ అదృష్టం.

తప్పు ఎక్కడ జరిగిందో ఊహించగలను. కోచింగ్ వాళ్ళిచ్చిన పట్టికలో ఫేమస్ పక్కన సెలబ్రేటెడ్, రినౌన్డ్, నటోరియస్ అని వరుసగా ఉండి ఉంటాయి. నువ్వు కాస్త బరువుగా ఉన్నదాన్ని ఏరుకున్నావు. నటోరియస్ అంటే చెడ్డపనులతో పేరుకెక్కినవాడని. ఇదే పొరపాటు తెలుగులో చేస్తావా? ‘పేరుపొందిన వైద్యుడు’ అంటావు, ‘పేరుమోసిన గజదొంగ’ అంటావు. ఈ మధ్య పత్రికల్లో ‘పేరుమోసిన గాయకుడు’ అని కూడా రాసేస్తున్నారు గాని, నాకది మింగుడుపడదు. పొందడానికీ మోయడానికీ ఉన్న తేడాను నీకు ఎవరూ పట్టిక వేసి నేర్పలేదు.

నీ వయసు కూడా రాకముందే నేను ఇంతకంటే ఘనకార్యం చేశాను. డిక్షనరీ మొత్తం బట్టీ పడితే ఇంగ్లీషు వచ్చేస్తుందని ఎవరో అంటే నమ్మి, మొదటి పేజీ నుంచి రోజుకు ఇరవై మాటలు మొదలుపెట్టాను. బడిలో వీడ్కోలు సభ నాటికి నా దగ్గర ‘ఎ’ అక్షరంతో మొదలయ్యే మాటలు తప్ప వేరే సరుకు లేదు. వాటిలో అబెట్ అనే మాటకు ‘సహాయం చేయు’ అని రాసి ఉంది. హెల్ప్ అని అందరూ అంటారు, మన గొప్పేముందని, చదువులో నన్ను అబెట్ చేసిన హెడ్మాస్టరు గారికి కృతజ్ఞతలని వేదిక మీద చదివేశాను. ఆయన తాపీగా లేచి, ‘ఏ నేరంలోరా నాయనా?’ అన్నారు. అబెట్ అంటే నేరానికి తోడ్పడడం. తెలుగులో కొమ్ముకాయడం అంటామే, ఆ జాతి మాట. డిక్షనరీ ఆ రోజే అటకెక్కింది. ‘బి’ దాకా వెళ్ళనే లేదు.

ఒక్క అర్థానికి అన్ని మాటలు ఎలా పోగయ్యాయో తెలిస్తే సగం భయం పోతుంది. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండును గెలిచాడు. ఆ తర్వాత తరాలపాటు దర్బారులో ఫ్రెంచి, పొలంలోనూ వంటింట్లోనూ ఇంగ్లీషు, పండితుల దగ్గర లాటిన్ నడిచాయి. ఆ మూడు పొరలూ ఇప్పటికీ కనిపిస్తాయి. ఆస్క్ ఇంటి మాట, క్వశ్చన్ ఫ్రెంచి మీదుగా వచ్చింది, ఇంటరాగేట్ లాటిన్ సరుకు. అన్నం తిన్నావా అని అమ్మ ఆస్క్ చేస్తుంది. విలేకరి మంత్రిని క్వశ్చన్ చేస్తాడు. పోలీసులు స్టేషన్లో కూర్చోబెట్టి ఇంటరాగేట్ చేస్తారు. నువ్వు ఇంటికి ఆలస్యంగా వచ్చిన రోజున మీ అమ్మ చేసేది కూడా ఆ మూడోదే అనుకో.

మన దగ్గరా ఇదే కథ. నీళ్ళు మనవి, జలం సంస్కృతం నుంచి తెచ్చుకున్నది. దాహమేస్తే ‘జలం ఇవ్వు’ అనవు, ఆనకట్ట దగ్గర మాత్రం జలాశయం అంటావు. తలనొప్పి అంటాం, శిరోనొప్పి అనం. ఈ తేడా పట్టే చెవి నీకు పుట్టుకతోనే ఉంది. దాన్నే ఇంగ్లీషు వైపు తిప్పు. బిగిన్, కమెన్స్ రెండూ మొదలవడమే. సభ కమెన్స్ కావచ్చు. వాన కమెన్స్ అయిందంటే మాత్రం వానకు శుభలేఖ అచ్చు వేసినట్టుంటుంది.

మాటకు అర్థంతో పాటు స్నేహితులు కూడా ఉంటారు. మనం చిక్కటి టీ అంటే వాళ్ళు స్ట్రాంగ్ టీ అంటారు. పట్టికలో స్ట్రాంగ్ పక్కనే పవర్‌ఫుల్ ఉన్నా, పవర్‌ఫుల్ టీ అని ఎవరూ తాగరు. వాళ్ళకు గాలి స్ట్రాంగ్, వాన హెవీ. కుండపోత అనే చక్కటి మాట ఉండగా మన పత్రికలు ‘భారీ వర్షం’ అని రాయడం ఆ హెవీ ప్రభావమేనని నా అనుమానం.

అనుమానం అంటే గుర్తొచ్చింది, మనవాళ్ళు తరచూ జారిపడే చోటు ఇది. ‘వాడు వచ్చాడని నా అనుమానం’ అంటే వచ్చే ఉంటాడని నీ మనసు చెబుతోంది. అక్కడ సస్పెక్ట్ వాడాలి. ‘వాడు వచ్చాడా అని అనుమానం’ అంటే రాలేదేమోనని. అక్కడ డౌట్. మనం ఒక్క దీర్ఘంతో తేల్చేసే దానికి వాళ్ళు రెండు క్రియలు పెట్టుకున్నారు. క్లాసులో చెయ్యెత్తి అడిగేదాన్ని మన దేశంలో డౌట్ అంటే చెల్లుతుంది గాని, ఇంగ్లండు నుంచి వచ్చిన మాస్టారైతే తన పాఠం మీదే నీకు నమ్మకం లేదనుకుంటాడు.

ఇక పని సంగతి. ఒక నోటు పుస్తకం కొను. ఫోనులో రాసుకుంటానంటే నీ ఇష్టం, నాకు మాత్రం చేత్తో రాసిందే గుర్తుంటుంది. పేజీకి ఒక కుటుంబం చొప్పున పెట్టుకో. చూపునే తీసుకో. పైన లుక్ అని రాయి. గ్లాన్స్ అంటే అలా ఓసారి చూసి కళ్ళు తిప్పుకోవడం. స్టేర్ అంటే గుడ్లప్పగించి చూడడం. గేజ్ అంటే మైమరచి తదేకంగా చూడడం. గ్లేర్ అంటే గుడ్లురమడం. పీప్ అంటే తొంగిచూడడం. అన్నిటి పక్కనా ‘చూచు’ అని రాసుకుంటే అంతా కలగాపులగం. చూసేవాడి మొహం ఎలా ఉందో రాసుకుంటే ఒకటి ఇంకోదానితో కలవదు. ఆ తర్వాత మన ఇంట్లోవాళ్ళ మీదే ఒక్కో వాక్యం కట్టు. గ్లేర్ దగ్గర ఎవరి పేరు రాస్తావో నాకు తెలుసు, ఆవిడకు చూపించకు.

కొన్ని మాటలు వేరు పట్టుకుని లాగితే గుత్తుగా వస్తాయి. సంస్కృతంలో హృ ధాతువుకు తీసుకుపోవడమని అర్థం. ముందున్న ఉపసర్గ మారితే ఆహారం, విహారం, సంహారం, పరిహారం. లాటిన్ నుంచి వచ్చిన పోర్ట్ కూడా మోసుకుపోవడమే. ఇంపోర్ట్ లోపలికి, ఎక్స్‌పోర్ట్ బయటికి, ట్రాన్స్‌పోర్ట్ అవతలికి, డిపోర్ట్ దేశం దాటించి గెంటెయ్యడం. రిపోర్ట్ అంటే కబురు వెనక్కి మోసుకురావడం. అలాగని వేరునే నమ్ముకుని అర్థం ఊహించకు. ఆహారానికీ సంహారానికీ ధాతువు ఒకటే గదా అని ఎవరూ భోజనానికి పిలిచి చంపరు.

డిక్షనరీల్లో నేర్చుకునేవాళ్ళ కోసమే చేసినవి కొనుక్కో. లాంగ్‌మన్ వాళ్ళది 1978లో వచ్చింది. సుమారు 2000 తేలిక మాటల్లోనే అర్థాలు చెబుతుంది, మాట ఎలా వాడాలో వాక్యాలు కూడా ఇస్తుంది. ముందు ఆ వాక్యం చదువు, తెలుగు అర్థం ఆ తర్వాత. రోజే అనే వైద్యుడు చేసిన థెసారస్ 1852లో వచ్చింది. అందులో మాటలను అక్షరక్రమంలో కాక భావాల వారీగా సర్దాడు, మన అమరకోశంలో స్వర్గవర్గం, వనౌషధివర్గం ఉన్నట్టు. తెలిసిన మాట నాలుక చివర ఆడుతూ బయటికి రానప్పుడు అది అక్కరకొస్తుంది. తెలియని మాటను అందులోంచి ఏరుకుని నేరుగా దరఖాస్తులో పెట్టకు. చెప్పుల దుకాణంలో కూడా తొడుక్కుని నాలుగడుగులు వేశాకే కదా డబ్బిస్తావు.

రోజుకు ఐదు మాటలు చాలు, నాలాగా ఇరవై వద్దు. మర్నాడు, వారానికి, నెలకు అర్థాన్ని చేత్తో కప్పి మళ్ళీ చూసుకో. కోచింగ్ పట్టికను పారేయమనను, పరీక్ష హాలులో దాని ఉపయోగం దానికుంది. దరఖాస్తులో మాత్రం ఆ నటోరియస్ కొట్టేసి ఊరికే ప్రిన్సిపాల్ గారని ఉంచు. ఆయన పెద్దరికం ఎక్కడికీ పోదు.

మీ నానమ్మ ఇప్పుడే వచ్చి ఈ కాగితాలు చూసి, ఒక్క తప్పు దిద్దమంటే ఇంత రాస్తారా అని వెళ్ళింది. టాకటివ్, గారులస్, ఎలోక్వెంట్, ఈ మూడూ మాటలు బాగా వచ్చినవాళ్ళ గురించే. ఆవిడ మనసులో ఉన్నది ఏదో తేల్చి, నా మీద ఒక వాక్యం రాసి పంపు. నీ నోటు పుస్తకంలో మొదటి పేజీ అదే కానీ.

ఇట్లు,
నీ తాతయ్య