సంక్రాంతి సెలవుల్లో కొండ గుర్రాలకు కడుపునొప్పి: ముందే ఏం చూసుకోవాలి?

సందేహం: లంబసింగి దగ్గర మాకు ఐదు గుర్రాలున్నాయి. అన్నీ పొట్టి కొండ గుర్రాలే. మామూలు రోజుల్లో కాఫీ, మిరియాల మూటలు సంతకు మోస్తాయి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి సెలవులు అయ్యేదాకా టూరిస్టులను ఎక్కించి తిప్పుతాం. మంచు చూడ్డానికి జనం తెల్లవారుజామునే వస్తారు కాబట్టి నాలుగున్నరకే జీను వేస్తాం. మళ్లీ పాకకు వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. పోయినేడాది సంక్రాంతి నాడు ఒక గుర్రం మేత మానేసి, కాలితో నేల గీరుతూ, పొర్లాడి చాలా ఇబ్బంది పెట్టింది. ఈసారి ఇంకోదానికి లద్దె గట్టిగా, తక్కువగా పడుతోంది. చలికే అనుకుని పాకకు నాలుగు వైపులా టార్పాలిన్లు కట్టాం, రాత్రి దాణా పెంచాం. అయినా మార్పు లేదు. పైగా రెండింటికి దగ్గు పట్టుకుంది. చలి నుంచి వీటిని ఎలా కాపాడుకోవాలి? సెలవులకు ఇంకో రెండు గుర్రాలు అద్దెకు తెద్దామనుకుంటున్నాం, తేవచ్చా?
– ఒక రైతు, చింతపల్లి మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా

సలహా: మీరు రాసిన వివరాలు చూస్తే చలి గురించి మీరు పడుతున్న టెన్షన్‌లో సగం అక్కర్లేదనిపిస్తోంది. కొండల్లో పెరిగిన గుర్రానికి చలికాలం వచ్చేసరికి ఒత్తుగా బొచ్చు వస్తుంది. చలి వేసినప్పుడు ఆ వెంట్రుకలు నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి, ఒంట్లో వేడి బయటికి పోదు. ఒళ్లు పొడిగా ఉండి, ఎదురుగాలి తగలకుండా, కడుపు నిండా గడ్డి ఉంటే లంబసింగి చలికి మీ గుర్రాలు తట్టుకుంటాయి. ఒళ్లు తడిస్తే మాత్రం ఆ బొచ్చు పనిచేయదు. కాబట్టి మంచుకో చెమటకో తడిసి వచ్చిన గుర్రాన్ని గోనెపట్టాతో వెంట్రుకలకు ఎదురుగా రుద్ది ఆరబెట్టాలి. తడి ఒంటి మీద దుప్పటి కప్పి వదిలేయకూడదు. ముసలి గుర్రానికి, పక్కటెముకలు కనిపించే గుర్రానికి రాత్రిపూట పొడి దుప్పటి కప్పండి. మిగతావాటికి అవసరం లేదు.

మరి కడుపునొప్పి ఎందుకొచ్చింది? సెలవుల్లో మీ గుర్రాలు తినే వేళలు, తాగే వేళలు మొత్తం తారుమారయ్యాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. గుర్రం ఆవులాగా ఒకేసారి మేసి తీరిగ్గా నెమరేసే జంతువు కాదు. దాని జీర్ణాశయం చిన్నది. బయట వదిలేస్తే రోజుకు పద్నాలుగు, పదహారు గంటలు కొద్దికొద్దిగా కొరుక్కుంటూనే ఉంటుంది. ఆ అలవాటుకు తగ్గట్టే దాని కడుపులో ఆమ్లం మేత ఉన్నా లేకపోయినా ఊరుతూనే ఉంటుంది. గడ్డి అరిగేది వెనక పేగుల్లో, అక్కడి సూక్ష్మజీవుల వల్ల. ఆ పని సాగాలంటే నీళ్లు కావాలి. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో తిప్పి, వచ్చాక ఎండు వరిగడ్డి వేసి, రాత్రి ఒకేసారి బోలెడు దాణా పెడితే పేగులో మేత గట్టిపడి ఇరుక్కుంటుంది. లేదా దాణా పులిసి గ్యాస్ పడుతుంది. గుర్రం వాంతి చేసుకోలేని జంతువు కాబట్టి ఆ ఒత్తిడి లోపలే ఉండిపోతుంది.

ముందు నీళ్ల సంగతి చూడండి. చలికాలంలో మంచులాంటి నీళ్లు పెడితే గుర్రం రెండు గుక్కలు తాగి తల తిప్పేసుకుంటుంది. గోరువెచ్చగా పెడితే బాగా తాగుతుంది. పొయ్యి మీద ఎలాగూ నీళ్లు కాగుతుంటాయి, ఒక చెంబెడు వేడినీళ్లు బకెట్‌లో కలిపితే సరిపోతుంది. వాగు దగ్గరకు తోలి తాగించే అలవాటు ఉంటే ఈ నెలన్నర మానేయండి. అక్కడ ఎంత తాగిందో మీకు తెలియదు. బకెట్ లెక్కన పెడితే 250 కిలోల గుర్రం ఊరికే ఉన్న రోజు 12 లీటర్లకు తగ్గకూడదని, ఎండుగడ్డి తిని పనికి వెళ్లిన రోజు 20 లీటర్లయినా తాగాలని గుర్తుపెట్టుకోవచ్చు. రోజుకు 20, 25 గ్రాముల ఉప్పు దాణాలో కలపండి, దాహం వేస్తుంది. పనినుంచి వచ్చిన గుర్రానికి నీళ్లు పెట్టకూడదని కొందరు అంటారు. చెమట మీదున్నా నాలుగైదు గుక్కలు తాగించి, కాసేపు నడిపించి, మళ్లీ పెడుతూ పోతే ఏమీ కాదు. గంటల తరబడి ఆపడమే ప్రమాదం.

మేత ఎంత పెట్టాలో తెలియాలంటే గుర్రం బరువు తెలియాలి. టేపు ఉంటే చాలు. ముందుకాళ్ల వెనక, జీను పట్టీ పడే చోట ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో కొలవండి. భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. ఛాతీ 145, పొడవు 140 ఉన్న గుర్రం దాదాపు 248 కిలోలు తూగుతుంది. మీ కొండ గుర్రాలు చాలావరకు ఈ చుట్టుపక్కలే ఉండొచ్చు.

అలాంటి గుర్రానికి రోజుకు నాలుగు నుంచి ఐదు కిలోల ఎండుగడ్డి పడాలి. వరిగడ్డి ఒక్కటే పెట్టొద్దు, అది మొరటుగా ఉంటుంది, అరగదు. మీ ప్రాంతంలో చోడి (రాగి) గడ్డి దొరుకుతుంది. అది మెత్తగా ఉంటుంది, కాల్షియం కూడా ఎక్కువ. సగం చోడి గడ్డి, మిగతా సగంలో పచ్చి గడ్డి కలిపి పెట్టండి. పచ్చి గడ్డిలో ముప్పావు వంతు నీళ్లే ఉంటాయి కాబట్టి నాలుగు కిలోలు వేస్తే ఒక కిలో ఎండుగడ్డి కింద లెక్క. గేదెలకు వేసే పచ్చి జొన్న చొప్ప మాత్రం గుర్రాలకు వద్దు. దానివల్ల మూత్రాశయం, వెనక కాళ్ల నరాలు దెబ్బతినే జబ్బు వస్తుంది.

రాత్రి పెంచిన దాణాను ఇవాళే తగ్గించండి. ఒళ్లు వెచ్చగా ఉండటానికి గుర్రానికి దాణా కన్నా గడ్డే మేలు, వెనక పేగుల్లో పీచు పులిసేటప్పుడు పుట్టే వేడే దానికి కుంపటి. కాబట్టి చలి ఎక్కువున్న రాత్రి ఒక మోపు గడ్డి ఎక్కువ వేయండి. దాణా పూటకు కిలో దాటకుండా, రోజుకు రెండు మూడు సార్లుగా పెట్టండి. ఉలవలు పెడుతుంటే రాత్రే నానబెట్టి ఉంచుకోండి. తౌడు ఎక్కువైతే భాస్వరం ఎక్కువై ఎముకల్లోని కాల్షియం లాగేస్తుంది, అందువల్ల దాణాలో నాలుగో వంతు మించకుండా చూడండి. ఏ మేత మార్చినా వారం, పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి.

ఇక్కడ రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. సెలవుల హడావిడిలో దాణా అయిపోయిందని షాపులో దొరికిన పశువుల దాణానో కోళ్ల దాణానో పెట్టకండి. వాటిలో కొన్నిటిలో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. పశువులు, కోళ్లు దానికి తట్టుకుంటాయి. గుర్రానికి మాత్రం కొంచెం పడినా గుండె కండరం దెబ్బతిని చనిపోవచ్చు, దానికి విరుగుడు లేదు. రెండోది బూజు పట్టిన మొక్కజొన్న. మంచు కురిసే ఊళ్లలో అటక మీద కండెలు చెమ్మగిల్లి బూజు పడతాయి. ఆ బూజులోని విషం గుర్రం మెదడును కరిగించేస్తుంది. పైపైన బూజు దులిపి పెట్టినా ప్రమాదమే.

ఇప్పుడు మీ దినచర్యలో చేయాల్సిన మార్పు. రాత్రి పడుకునే ముందు వేసే గడ్డి తెల్లవారుజాము దాకా మిగిలేంత ఉండాలి. జీను వేయడానికి అరగంట ముందు ఒక పిడికెడు కాదు, చేతులనిండా గడ్డి, గోరువెచ్చని నీళ్లు పెట్టండి. సవారీలు నడిచే చోటే ఒక గడ్డి మోపు, రెండు బకెట్లు ఉంచుకోండి. రెండు గంటలకోసారి కళ్లెం తీసి పావుగంట మేయనివ్వండి. ఐదు గుర్రాలున్నాయి కాబట్టి వంతులు వేసుకుంటే ఏ గుర్రమూ వరసగా నాలుగు గంటలు నిలబడాల్సిన పని ఉండదు.

బరువు విషయంలో నా మాట కాస్త కఠినంగానే ఉంటుంది. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పోనీ గుర్రం మీద 70 కిలోలకు మించి మోయించకూడదు, రోజు మొత్తంలో తొమ్మిది గంటలు, విరామం లేకుండా ఐదు గంటలు దాటి పని చేయించకూడదు. నా లెక్కలో మాత్రం 250 కిలోల గుర్రం మీద జీనుతో కలిపి 50 కిలోలు దాటకూడదు, అంటే ఒంటి బరువులో ఐదో వంతు. కాబట్టి మీ గుర్రాల మీద పిల్లలనే ఎక్కించండి. పెద్దవాళ్లు అడిగితే కళ్లెం పట్టుకుని పక్కన నిలబడి ఫొటో దిగమనండి, దానికీ డబ్బులు ఇస్తారు. ఆదాయం కొంత తగ్గుతుందని తెలుసు. నడుము పుండు పడిన గుర్రం సంక్రాంతి తరవాత సంతకు మూట కూడా మోయలేదు. సాయంత్రం జీను తీశాక వీపు మీద అరచేయి వేసి మెల్లగా నొక్కుతూ పోండి. ఎక్కడైనా చర్మం వణికించినా, నడుము కిందికి వంచినా అక్కడ జీను ఒరుస్తోందని అర్థం. అప్పుడే నాలుగు గిట్టలూ ఎత్తి రాళ్లు తీసేయండి. మేకు గుచ్చుకున్నా, గాయమైనా ధనుర్వాతం టీకా వేయించారో లేదో చూసుకోండి, ఆ జబ్బు గుర్రాలకు చాలా తేలిగ్గా వస్తుంది.

దగ్గుకు చాలావరకు మీరు కట్టిన టార్పాలిన్లే కారణం కావచ్చు. నాలుగు వైపులా మూసేస్తే మూత్రం నుంచి వచ్చే ఘాటు, వరిగడ్డి దుమ్ము, భోగి మంట పొగ లోపలే నిలిచిపోతాయి. తెల్లవారుజామున పాకలోకి వెళ్లి గుర్రం తల ఎత్తులో ఒక నిమిషం నిలబడండి. మీ కళ్లు మండితే గుర్రానికి రాత్రంతా అదే గాలి. గాలి వీచే వైపు మాత్రం టార్పాలిన్ ఉంచి, మిగతావి తీసేయండి. గడ్డి మీద నీళ్లు చిలకరించి వేయండి, తడి పరుపు రోజూ తీసేయండి. వారంలో దగ్గు తగ్గకపోయినా, జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటినా, ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారినా డాక్టరుకు చూపించాలి.

పండగ మూడు రోజులూ ఇంకో బెడద ఉంటుంది. వచ్చినవాళ్లు ప్రేమకొద్దీ అరిసెలు, చెరకు ముక్కలు, బిస్కెట్లు నోటికి అందిస్తారు. ఐదుగురు పెట్టినా, యాభై మంది పెట్టినా గుర్రం వద్దనదు. పోయినేడాది సంక్రాంతి నాడే నొప్పి రావడానికి ఇది కూడా తోడై ఉండొచ్చు. ఒక క్యారెట్ల బుట్ట మీరే పెట్టుకుని, పిల్లల చేత నిలువుగా కోసిన ముక్కలు ఒకటి రెండు పెట్టించండి. ఇంకేమీ పెట్టనివ్వొద్దు. సెలవులు అయిపోయి గుర్రాలు ఖాళీగా ఉండే రోజు నుంచే దాణా సగానికి తగ్గించండి. పని ఆపి దాణా అలాగే పెడితే, మళ్లీ పనిలోకి దింపిన రోజు తొడ కండరాలు బిగుసుకుపోయి అడుగు వేయలేక నిలబడిపోతాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది.

గట్టి లద్దె పడుతున్న గుర్రాన్ని ఈ వారం సవారీకి పంపొద్దు. రోజూ లద్దె ఎన్నిసార్లు వేసిందో చూడండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రం ఎనిమిది నుంచి పన్నెండు సార్లు వేస్తుంది, ఉండలు నేల మీద పడగానే విరిగిపోతాయి. చిన్నగా, గట్టిగా, జిగురు పొరతో పడితే లోపల నీళ్లు చాలడం లేదు. డొక్క మీద చెవి ఆనించి వినండి, రెండు వైపులా గుడగుడ శబ్దం రావాలి. ఏమీ వినపడకపోయినా, కాలితో నేల గీరుతూ పొట్టవైపు పదేపదే చూసుకుంటున్నా, పడుకుని లేస్తూ చెమట పడుతున్నా వెంటనే మేత తీసేసి పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి చెప్పండి. దవడ ఎముక కింద నాడి దొరుకుతుంది. మామూలుగా నిమిషానికి 28 నుంచి 44 వరకు కొట్టుకుంటుంది. 60 దాటితే ఆ మాట ఫోన్‌లోనే చెప్పండి, అది అత్యవసరం. డాక్టరు వచ్చేలోపు పది, పదిహేను నిమిషాలు మెల్లగా నడిపించవచ్చు. అలసిపోయేదాకా నడిపించకండి. వెదురు గొట్టంతో నూనె, వాము కషాయం, సారా పోయడం మాత్రం అస్సలు వద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపునొప్పి తగ్గినా న్యుమోనియాతో చనిపోతుంది. డాక్టరు అయితే ముక్కు గుండా గొట్టం వేసి నేరుగా కడుపులోకి మందు పంపిస్తారు.

అద్దె గుర్రాల గురించి అడిగారు. ఈ ఏడాదికి వద్దనే చెబుతాను. బయటి నుంచి వచ్చిన గుర్రాన్ని మూడు వారాలు వేరే పాకలో, వేరే బకెట్‌తో, వేరే మనిషి చూసుకునేలా ఉంచాలి. ఇవాళ తెచ్చినా ఆ గడువు ముగిసేసరికి సెలవులు అయిపోతాయి. పెళ్లి ఊరేగింపులకు, జాతరలకు ఊరూరూ తిరిగే గుర్రాలతో గ్లాండర్స్ అనే అంటుజబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ముక్కులో పుండ్లు, చిక్కటి పసుపు చీమిడి, కాళ్ల లోపలి వైపు వరసగా గడ్డలు దాని లక్షణాలు. కొన్ని గుర్రాలు పైకి బాగానే కనిపిస్తూ జబ్బు మోస్తాయి. ఇది మనుషులకూ సోకుతుంది. టీకా లేదు. తేలితే ప్రభుత్వానికి చెప్పి తీరాలి, ఆ గుర్రాన్ని బతకనివ్వరు. వచ్చే ఏడాదికి తేవాలనుకుంటే నవంబరులోనే మాట్లాడుకుని, మీ పశువైద్యాధికారి ద్వారా రక్త నమూనా తీయించండి. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో దాన్ని పరీక్షిస్తారు. రిపోర్టు వచ్చేదాకా ఆ గుర్రం మీ ఐదింటి దగ్గరకు రాకూడదు. యజమాని పరీక్షకు ఒప్పుకోకపోతే బేరం అక్కడే ఆపేయండి.