వియత్నాం వెళ్తే ఏ ఊళ్లో ఏం తినాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వచ్చే నెల మేం నలుగురు ఫ్రెండ్స్ వియత్నాం వెళ్తున్నాం. హనోయి, హోయి ఆన్, సైగాన్, మొత్తం ఎనిమిది రోజులు. ఫో అనే నూడుల్స్ సూప్ గురించి విన్నాం, అది కాకుండా ఎక్కడ ఏది మిస్ అవ్వకూడదో చెప్తారా?

జవాబు: ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అక్కడ ఏ ఊరి వంట ఆ ఊరిదే, పైగా ప్రతిదానికీ ఒక టైమ్ ఉంటుంది. పొద్దున తినేది సాయంత్రం అడిగితే గిన్నెలు కడిగేసి కొట్టు కట్టేసి ఉంటారు. మంచి కొట్టు అంటే సాధారణంగా ఒకే ఒక్క ఐటమ్ చేసేది, బోర్డు మీద కూడా ఆ ఒక్క పేరే ఉంటుంది. యాభై రకాల ఫొటోలున్న మెనూ చేతికిచ్చారంటే లేచి పక్క సందులోకి వెళ్లిపోండి, నిజంగా చెప్తున్నా.

హనోయిలో పొద్దున్నే ఫో. నేను ఆరున్నరకి వెళ్లాను, మోకాళ్లు గడ్డానికి తగిలేంత పొట్టి ప్లాస్టిక్ స్టూళ్లు, ఫుట్‌పాత్ మీదే పెద్ద డేగిసాలో ఎముకల సూప్ గంటల తరబడి మరుగుతోంది, అందులో అనాసపువ్వు, దాల్చినచెక్క, నిప్పుల మీద నల్లగా కాల్చిన అల్లం, ఉల్లిపాయ. కొట్టావిడ బియ్యపు నూడుల్స్‌ని జల్లి గరిటెలో వేసి మరిగే నీళ్లలో ముంచి రెండుసార్లు కుదిపి గిన్నెలో దింపి, పైన పల్చటి మాంసం ముక్కలు పేర్చి, ఉల్లికాడలు చల్లి, చివర్లో సూప్ పోసింది, మొత్తం నిమిషం కూడా పట్టలేదు. ఆ సూప్ అద్దంలా తేటగా ఉంటుంది, ముందు ఏమీ కలపకుండా రెండు గుక్కలు తాగి చూడండి, నిమ్మకాయ, మిర్చి ఆ తర్వాత. అదే ఫో సైగాన్‌లో తింటే వేరే ఐటమ్ అనిపిస్తుంది, పళ్లెం నిండా తులసి లాంటి ఆకులు, పెసర మొలకలు, సాస్‌లు పక్కన పెడతారు, సూప్ కూడా కొంచెం తియ్యగా ఉంటుంది. ఫో పుట్టింది ఉత్తరాదిలోనే, 1954లో దేశం రెండుగా విడిపోయినప్పుడు లక్షల మంది ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లిపోయారు, అక్కడ అది బాగా పాకింది అప్పుడే, పాకి అక్కడి వాళ్ల నోటికి తగ్గట్టు మారింది. రెండూ తినండి, ఏది గొప్పదని వాళ్లతో మాత్రం వాదన పెట్టుకోకండి.

హనోయిలోనే మధ్యాహ్నం బున్ చా. బొగ్గుల మీద కాల్చిన పోర్క్, పచ్చి బొప్పాయి ముక్కలు వేసిన పల్చటి పులుపు తీపి చేప సాస్‌లో తేలుతూ వస్తుంది, పక్కన నూడుల్స్, ఆకులు. 2016 మేలో ఒబామా వెళ్లినప్పుడు షెఫ్ ఆంథనీ బోర్డెయిన్‌తో కలిసి మామూలు స్టూల్ మీద కూర్చుని తిన్నది ఇదే.

ఇక హోయి ఆన్‌లో కావ్ లావ్. నాకైతే ఆ దేశం మొత్తంలో ఇదే ఇష్టం. లావుగా, కొద్దిగా గోధుమ రంగులో, పంటికి సాగే బియ్యపు నూడుల్స్. దగ్గర్లోని చామ్ దీవుల చెట్ల బూడిద కలిపి తేర్చిన నీళ్లలో బియ్యం నానబెట్టి, ఊళ్లో ఉన్న పాత బా లే బావి నీళ్లతోనే చేయాలని సంప్రదాయం, ఆ బూడిద నీళ్ల వల్లే ఆ రంగు, ఆ సాగుడు. చేసేది కూడా అక్కడ కొన్ని కుటుంబాలే. సూప్ లాగా ఉండదు, అడుగున నాలుగు చెంచాల రసం, పైన పోర్క్ ముక్కలు, ఆకుకూరలు, కరకరలాడే అప్పడం లాంటి ముక్కలు. అడుగు నుంచి పైకి బాగా కలిపి తినాలి, చాలామంది టూరిస్టులు పైపైనే తినేసి డ్రైగా ఉంది అంటారు. ఇంకో ఊళ్లో దొరికినా తినొద్దు, హోయి ఆన్ వచ్చేదాకా ఆగండి.

సైగాన్‌లో కోమ్ తామ్, అంటే నూకల అన్నం, ఒకప్పుడు పేదవాళ్ల తిండి, ఇప్పుడు ఊరంతా తింటుంది. బాన్ మీ శాండ్‌విచ్ ఎక్కడైనా దొరుకుతుంది కానీ సైగాన్‌ది దండిగా ఉంటుంది. బాన్ సెవ్ కూడా తినండి, బియ్యప్పిండి, పసుపు, కొబ్బరిపాలతో పోసే పల్చటి అట్టు, పెనం మీద పిండి పడగానే చుయ్‌మనే చప్పుడే దాని పేరు. తుంచి ఆకులో చుట్టి సాస్‌లో ముంచి తినాలి.

ప్రశ్న: హ్వే అనే ఊరు కూడా కలుపుకోమంటున్నారు, కేవలం తిండి కోసం వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా. సైగాన్‌లో ఒక రోజు తగ్గించుకుని అయినా వెళ్లండి. 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజుల రాజధాని అది, అందుకే చిన్న చిన్న గిన్నెల్లో ముద్దుగా వడ్డించే బియ్యపు పిండివంటలు అక్కడ బోలెడు, సాసర్ అంత గిన్నెలో ఆవిరి మీద ఉడికించిన బాన్ బెయో మీద ఎండు రొయ్యల పొడి చల్లి ఇస్తారు, డజను తిన్నా కడుపు నిండినట్టు ఉండదు. కారం కావాలంటే బున్ బో హ్వే, నిమ్మగడ్డి వాసన, పులియబెట్టిన రొయ్యల ముద్ద ఘాటు, ఎర్రటి మిరప నూనె. హోయి ఆన్ పక్కనే ఉన్న డా నాంగ్ నుంచి రైల్లో దాదాపు మూడు గంటలు, హాయ్ వాన్ కనుమ దగ్గర రైలు సముద్రం అంచునే పోతుంది, పగటి రైలే ఎక్కండి.

ప్రశ్న: మేం బీఫ్, పోర్క్ తినం, మా అమ్మ అయితే పూర్తి శాకాహారి. పస్తులుండాలా?

జవాబు: అస్సలు అక్కర్లేదండి. బోర్డు మీద పేర్లు గుర్తుపట్టడం నేర్చుకోండి, చాలు. బో అంటే బీఫ్, పోర్క్‌ని ఉత్తరాన లోన్ అని, దక్షిణాన హెయో అని అంటారు, గా అంటే చికెన్, కా అంటే చేప, తోమ్ అంటే రొయ్య. ఫో గా అంటే చికెన్ ఫో, అది దర్జాగా తినొచ్చు.

అమ్మగారికి మాత్రం ఒక జాగ్రత్త. కూరగాయల వేపుడు అని ఇచ్చినా అందులో నుక్ మామ్ ఉంటుంది, అది నెత్తళ్లు, ఉప్పు కలిపి నెలల తరబడి ఊరబెట్టి తీసిన చేప సాస్, వాళ్లకి అది ఉప్పుతో సమానం, దాన్ని మాంసం కింద లెక్కే వేయరు. మాంసం వద్దు అని చెప్తే సరిపోదన్నమాట. చెప్పాల్సిన మాట చాయ్, టీ కాదు, బౌద్ధుల శాకాహారం. ఆ మాట రాసి ఉన్న హోటల్ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది, నుక్ మామ్ కూడా వేయరు, సోయా సాస్ వాడతారు. గుడ్డు తినకపోతే అది మాత్రం విడిగా అడగండి. చాంద్రమానం ప్రకారం నెలలో 1, 15 తేదీల్లో, అంటే దాదాపు అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అక్కడ చాలామంది మాంసం ముట్టరు, ఆ రోజుల్లో మామూలు కొట్లలో కూడా చాయ్ వంటలు కనిపిస్తాయి. మీ తేదీలు ఇంకా ఫిక్స్ అవ్వకపోతే పౌర్ణమికి హ్వేలో ఉండేలా చూసుకోండి, గుళ్లు ఎక్కువ ఉన్న ఊరు, అక్కడి చాయ్ వంట నిజంగా బాగుంటుంది. పుట్టగొడుగులు, టోఫు, పనసకాయతో చేసినవి అమ్మగారికి తప్పకుండా నచ్చుతాయి.

ప్రశ్న: రోడ్డు పక్కన తింటే కడుపు పాడవుతుందా?

జవాబు: జనం ఎక్కువ ఉన్న చోట, కళ్లముందు పొగలు కక్కుతూ వచ్చేది తినండి. నాకు కడుపు నొప్పి వచ్చింది ఒక పెద్ద హోటల్ బఫేలో గంటల తరబడి చల్లారిన రొయ్యల వల్ల, ఫుట్‌పాత్ మీద ఎప్పుడూ రాలేదు. పచ్చి ఆకులు పడకపోతే మొదటి రెండు రోజులు పక్కన పెట్టండి. చెరుకు రసం తాగండి, చిన్న నారింజ లాంటి పుల్లటి కాయ కలిపి పిండుతారు, భలే ఉంటుంది. డబ్బులిచ్చేటప్పుడు చూసి ఇవ్వండి, 20,000 డాంగ్ నోటూ 5,00,000 డాంగ్ నోటూ రెండూ నీలమే, చీకట్లో ఒకేలా కనపడతాయి.

ప్రశ్న: అక్కడి కాఫీ గురించి అందరూ చెప్తున్నారు, అంత ప్రత్యేకం ఏంటి? ఇంటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: కాఫీ పంటలో బ్రెజిల్ తర్వాత వియత్నామే, అందులో ఎక్కువ రోబస్టా, బాగా చేదు, మంచి పట్టు. అందుకే అడుగున కండెన్స్‌డ్ మిల్క్ పోసి, గ్లాసు మీద ఫిన్ అనే చిన్న ఫిల్టర్ పెట్టి బొట్టు బొట్టుగా దింపుతారు, దింపాక ఐస్ వేస్తారు. తొందరపెట్టకండి, ఆ బొట్లు పడే పది నిమిషాలూ ఊరికే రోడ్డు చూస్తూ కూర్చోవడమే బాగుంటుంది.

హనోయిలో గుడ్డు కాఫీ తాగండి. 1946లో పాలు దొరకని రోజుల్లో న్గుయెన్ వాన్ జాంగ్ అనే హోటల్ ఉద్యోగి గుడ్డు పచ్చసొనని చక్కెరతో నురగ వచ్చేలా గిలక్కొట్టి కాఫీ మీద వేశాడు, ఆ కుటుంబం ఇప్పటికీ హనోయిలో అదే కాఫీ అమ్ముతోంది. నీచు వాసన వస్తుందేమో అనుకున్నాను, రాలేదు, వేడి కస్టర్డ్ కింద కాఫీ ఉన్నట్టుంది. కప్పుని వేడినీళ్ల గిన్నెలో పెట్టి ఇస్తారు, చల్లారకముందే తాగేయాలి. హ్వేలో ఉప్పు కాఫీ కూడా ఉంది, ఉప్పు కలిపిన క్రీమ్ వేస్తారు, ఒకసారి చూడొచ్చు.

తెచ్చుకోడానికి గింజలు, ఒక ఫిన్, అంతే. బువాన్ మా థువోట్ కాఫీ అని రాసి ఉన్నది చూడండి, కాఫీ తోటల ఊరు అది. ఫు క్వాక్ దీవి నుక్ మామ్ కూడా పేరున్నదే, 2012లో యూరోపియన్ యూనియన్ ఆ పేరుకి రక్షణ ఇచ్చింది, కానీ సీసా పగిలితే సూట్‌కేస్ మొత్తం పోయినట్టే, కొన్ని ఎయిర్‌లైన్స్ అసలు ఒప్పుకోవు, ముందే అడిగి కొనండి. ఫిన్ కొనేటప్పుడు మూత, లోపలి బిళ్ల రెండూ ఉన్నాయో లేదో విప్పి చూసుకోండి, నేను తెచ్చినదాంట్లో బిళ్ల లేదు.