ట్రాన్సిస్టర్లు కాలుస్తున్నాడు, మానిపించాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఒంగోలులో ఈసీఈ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెలవులకు ఇంటికొస్తే ఎల్‌ఈడీ దీపాల సర్క్యూట్లు, కంప్యూటర్‌లో సిమ్యులేషన్లు తప్ప వేరే ధ్యాస లేదు. వరసగా ట్రాన్సిస్టర్లు కాల్చేస్తున్నాడు. ఇదంతా మానిపించి సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేర్చమని బంధువులు అంటున్నారు. అతని నోటుపుస్తకం పేజీలు పంపుతున్నాను, చూసి చెప్పండి.
– ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, కాలిన బీసీ547 (కరెంటుకు స్విచ్‌లా పనిచేసే చిన్న ట్రాన్సిస్టర్) ఖరీదు కొద్ది రూపాయలు. కోచింగ్ ఫీజు ముందు అదో లెక్క కాదు. ఎందుకు కాలిందో మీవాడు చెప్పగలడా అన్నదే నేను చూసేది.

12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ ఒక మీటరు ముక్కను ఆ బీసీ547తో వెలిగించబోయాడు. మీటరుకు 60 దీపాలుండే స్ట్రిప్‌లో మూడేసి దీపాల వరుసలు 20 ఉంటాయి. వరుసకు 20 మిల్లీ ఆంపియర్లు వేసుకున్నా మొత్తం 400. బీసీ547 హద్దు 100. కాలక ఏమవుతుంది? ‘ఎల్‌టీస్పైస్‌లో మాత్రం బాగానే పనిచేసింది’ అని తాను వాడే సిమ్యులేటర్ ప్రోగ్రామ్ గురించి పక్కనే ఉక్రోషంగా రాసుకున్నాడు. చేస్తుంది మరి. సిమ్యులేటర్ సమీకరణాలు సాధించి ఊరుకుంటుంది, హద్దు దాటిన ట్రాన్సిస్టర్‌ను కాల్చి చూపించదు. ఆల్ట్ మీట నొక్కి ట్రాన్సిస్టర్ బొమ్మ మీద క్లిక్ చేస్తే అందులో ఖర్చయ్యే పవర్ గ్రాఫ్ వస్తుంది. దాన్నీ, కరెంటునూ డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) ఉన్న హద్దులతో పోల్చుకోవలసింది అతనే.

తర్వాతి పేజీలో 800 మిల్లీ ఆంపియర్ల బీసీ337 ఎంచుకున్నాడు. ఎవరూ చెప్పకుండా అక్కడికి చేరాడంటే నాకు ముచ్చటేసింది. అయితే స్విచ్‌గా వాడేటప్పుడు కలెక్టర్ కరెంటులో, అంటే దీపాల గుండా వెళ్లే కరెంటులో, పదో వంతు బేస్‌కు (ట్రాన్సిస్టర్‌ను ఆన్ చేసే కాలు) ఇవ్వడం ఆనవాయితీ. అంటే 40 మిల్లీ ఆంపియర్లు. దాన్ని నడిపే ఆర్డుయినో ఊనో ఆర్3 (ప్రోగ్రామ్ రాసి వాడే చిన్న బోర్డు) పిన్ను గరిష్ఠ హద్దు కూడా అంతే, అక్కడిదాకా లాగకూడదు. బేస్‌కు చాలకపోతే దీపాలు మసకబారి, ట్రాన్సిస్టర్ వేడెక్కుతుంది. 5 వోల్టులకే తెరుచుకునే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (కరెంటుతో కాక, గేటు అనే కాలికిచ్చే వోల్టేజీతో ఆన్ అయ్యే ట్రాన్సిస్టర్) వాడి చూడమనండి. దుకాణంలో ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ చేతిలో పెడితే వద్దనాలి, అది పూర్తిగా తెరుచుకోవడానికి గేటుకు 10 వోల్టులు కావాలి.

సిమ్యులేషన్ ఒకటి చెప్పి మల్టీమీటర్ మరొకటి చూపినప్పుడు తేడా ఎక్కడుందో వెతకడం హార్డ్‌వేర్ ఇంజినీర్ల నిత్యకృత్యం. చిప్‌లలో అనలాగ్ భాగాలు రూపొందించేవాళ్ల పని కూడా చాలావరకు ఎల్‌టీస్పైస్ లాంటి స్పైస్ సిమ్యులేషన్లతోనే నడుస్తుంది. ఆ కొలువులు హైదరాబాద్, బెంగళూరుల్లో ఎక్కువ. మన తీరంలో రొయ్యల చెరువుల ఏరేటర్లకు ప్యానెళ్లు బిగించే పని దొరుకుతుంది గాని, అది వేరే వృత్తి. పైగా డిప్లొమాతోనే డిజైన్ ఉద్యోగం రావడం కష్టం. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఏపీ ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరడం, ఆ తర్వాత గేట్ ద్వారా వీఎల్‌ఎస్‌ఐలోనో (చిప్‌ల రూపకల్పన) పవర్ ఎలక్ట్రానిక్స్‌లోనో ఎంటెక్ చేయడం అతనికి తగిన దారి. సీ, పైథాన్ ఈ దారిలోనూ అక్కరకొస్తాయి, వాటికి ఇప్పుడే కోచింగ్ అవసరం లేదు.

మీరు కనిపెట్టి ఉండవలసింది గణితం మార్కులను. ఈసెట్‌లో 200కి 50 మార్కులు గణితానివే. అవి తగ్గుతుంటే సోల్డరింగ్ ఐరన్‌ను ఆదివారాలకు పరిమితం చేయండి.