డాక్టర్ సలహా: చెవినొప్పితో సర్ఫింగా? ముందు ఆ మాత్రల సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 46. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. ఆరేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. రెండు నెలలుగా వీలు చిక్కినప్పుడల్లా విశాఖపట్నం వెళ్లి రుషికొండ బీచ్‌లో సర్ఫింగ్ నేర్చుకుంటున్నాను. మూడు వారాల నుంచి కుడి చెవి దిబ్బడ వేసి, దురద పెడుతోంది. రాత్రిళ్లు నొప్పి కూడా ఉంటోంది. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటున్నాను. ఇంట్లో మిగిలిన సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు వాడాను, అవి అయిపోతే ఇంకో స్ట్రిప్ కొన్నాను. పది రోజులైంది, కొంత తగ్గినట్టే ఉంది. పోయిన ఆదివారం బోర్డు మీద ఉండగా ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికాయి. అలసట అనుకున్నాను. ఎండకు మెడ, భుజాలు బాగా కమిలాయి. సర్ఫింగ్ చేసేవాళ్లకు చెవిలో ఎముక పెరుగుతుందని ఎక్కడో చదివాను. నిజమేనా? ఎలాంటి ఇయర్‌ప్లగ్‌లు, ఏ సన్‌స్క్రీన్ వాడాలి? వచ్చే వారం భార్యాపిల్లలతో మళ్లీ వెళ్తున్నాం. రుషికొండ దగ్గర సముద్రం కొండ చాటున ఉంటుంది కాబట్టి పిల్లలు ఈత కొట్టినా ఫరవాలేదు కదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. నాకు భయం కలిగించిన విషయాన్ని మాత్రం ప్రశ్నగా కూడా అడగలేదు, 'అలసట అనుకున్నాను' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు. గ్లిమెపిరైడ్ వాడుతున్న మనిషికి ఇవి వస్తే ముందుగా అనుమానించాల్సింది షుగర్ పడిపోవడాన్ని. ఆ మాత్ర మీ క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా లేదా, గంటసేపు అలలతో కుస్తీ పట్టారా అన్నది దానికి తెలియదు. దాని పని అది చేసుకుపోతుంది. ఆ పైన మీరు సిప్రోఫ్లాక్సాసిన్ జోడించారు. ఈ కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్‌లకు షుగర్‌ను ఉన్నట్టుండి పడగొట్టే గుణం ఉంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవారిలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ఈ మందుల మీద హెచ్చరికను మరింత కఠినం చేయడానికి ఉన్న కారణాల్లో ఇది ఒకటి. ఉత్తరం చదివి, మనిషిని చూడకుండా, ఆ రోజు జరిగింది ఇదే అని నేను తేల్చి చెప్పలేను. గుండె సంబంధమైన ఇబ్బందుల్లోనూ చెమటలు పడతాయి. షుగర్ ఉన్నవారిలో ఛాతీనొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. కాబట్టి ఒక ఈసీజీ తీయించుకోండి. అయితే నన్ను పందెం కాయమంటే ఆ రెండు మాత్రల కలయిక మీదే కాస్తాను.

ఇంట్లో సోఫాలో కూర్చున్నప్పుడు షుగర్ పడిపోతే ఎవరో ఒకరు చక్కెర నీళ్లు కలిపి ఇస్తారు. నడుము లోతు దాటిన నీటిలో, బోర్డు మీద, కాలికి తాడు కట్టుకుని ఉన్నప్పుడు ఎవరిస్తారు? షుగర్ బాగా పడిపోతే ముందు తడబడేది బుద్ధి. తనకు ఏదో జరుగుతోందన్న సంగతే మనిషికి తెలియకపోవచ్చు. ఆ ఆదివారం మీరు ఒడ్డుకు చేరారు, సంతోషం.

ఎండకు కమిలిన సంగతి కూడా రాశారు. సిప్రోఫ్లాక్సాసిన్ కొందరిలో చర్మం ఎండను తట్టుకోలేకుండా చేస్తుంది. మామూలుగా నల్లబడే ఎండకే మీ చర్మం కమిలిపోయి ఉండవచ్చు. ఇంకొకటి, మీరు రాయనిది: మడమ వెనుక, పిక్క కింద ఏమైనా నొప్పిగా ఉందా? కండరాన్ని ఎముకకు కలిపే బంధనాలను, మన వాళ్లు నరాలు అనేవాటిని, ఈ మందు అరుదుగా బలహీనపరుస్తుంది. అక్కడి పెద్ద బంధనం తెగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. బోర్డు మీదకు ఒక్క ఉదుటున లేచి నిలబడే ఆటకు ఇది ఎంత నప్పుతుందో మీరే ఆలోచించుకోండి.

అంటే చెవి కోసం వేసుకున్న ఒక్క మాత్ర మీ షుగర్, చర్మం, కాళ్లు మూడింటి జోలికీ వెళ్లగలదు. సరే, చెవికైనా మేలు చేసిందా అంటే అదీ అనుమానమే.

చెవి దగ్గరకు వస్తాను. సముద్రంలో గంటల తరబడి నానిన చెవి నాళంలో చర్మం మెత్తబడుతుంది. దాన్ని రక్షించే గులిమి కరిగిపోతుంది. తర్వాత దురద. దురద వచ్చాక అగ్గిపుల్ల, పిన్నీసు, బండి తాళం చెవి... చేతికి ఏది అందితే అది. చర్మం గీరుకుపోయాక సూక్ష్మజీవులు చేరతాయి. చాలామందిలో ఇది మామూలు ఇన్ఫెక్షనే. డాక్టరు చెవిని శుభ్రం చేసి సరైన చుక్కలు ఇస్తే వారం పది రోజుల్లో తగ్గుతుంది, మాత్రల అవసరమే రాదు. దిబ్బడ, దురద ఎక్కువగా ఉంటే ఫంగస్ కావచ్చు. మా తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇది తరచూ కనిపిస్తుంది. లోపలికి చూస్తే తడిసిన వార్తాపత్రికను ముద్దచేసి కుక్కినట్టు ఉంటుంది, దాని మీద నల్లటి చుక్కలు. దీనికి యాంటీబయాటిక్ పని చేయదు సరికదా, ఫంగస్ పెరగడానికి దారి సుగమం చేస్తుంది. చుక్కల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటే దురద తగ్గి బాగున్నట్టే అనిపిస్తుంది. 'కొంత తగ్గినట్టే ఉంది' అని మీరు రాసినది అదేనేమో.

మీ చుక్కల మందు పేరు మీ ఉత్తరంలో లేదు. షాపులో ఇచ్చారట, మీరు వేసుకున్నారట. చెవిలో కర్ణభేరి అనే పలుచటి పొర ఉంటుంది. బోర్డు మీద నుంచి చెంప పక్కగా నీటి మీద పడితే ఆ దెబ్బకు అది చిరిగిపోవచ్చు. చిరిగి ఉందో లేదో చూడకుండా నియోమైసిన్, జెంటమైసిన్ లాంటివి ఉన్న చుక్కలు వేస్తే ఆ మందు లోపలి చెవికి చేరి వినికిడిని దెబ్బతీసే ప్రమాదం ఉంది. అలా పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు. షాపులో కౌంటరు వెనుక నిలబడ్డ కుర్రవాడి దగ్గర చెవిలోకి చూసే పరికరం ఉండదు. అతణ్ని అనీ లాభం లేదు, మనమే 'ఏదో ఒకటి ఇవ్వు బాబూ' అంటాం. సిప్రోఫ్లాక్సాసిన్ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. ఆ స్ట్రిప్ మీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది, ఈసారి గమనించండి. అలంకారానికి వేసింది కాదు. ఇంటింటా ఒక ప్లాస్టిక్ డబ్బాలో పాత మందుల నిధి ఉంటుంది. ఒకరి జ్వరానికి రాసినవి ఇంకొకరి పంటినొప్పికి, అందులో మిగిలినవి మరొకరి చెవికి. రోజుకు కనీసం ఇద్దరిని ఈ విషయంలో మందలిస్తాను. ఇవాళ మీ వంతు.

నా అసలు కంగారు వేరే ఉంది. షుగర్ ఉన్న మనిషికి, రాత్రిళ్లు ఎక్కువయ్యే చెవినొప్పి, మూడు వారాలుగా. షుగర్ ఉన్నవారిలో, ముఖ్యంగా అది అదుపులో లేనివారిలో, చెవి నాళంలోని ఇన్ఫెక్షన్ అరుదుగా పక్కనున్న పుర్రె ఎముకలోకి పాకుతుంది. చెవిలో మొదలైనా అది ఎముక జబ్బు. వారాల తరబడి ఆసుపత్రి వైద్యం అవసరమవుతుంది. ఎక్కువగా వయసు పైబడిన వారిలో చూస్తాం. మీకు అదే ఉందని అనడం లేదు, లేకపోవడానికే అవకాశం ఎక్కువ. లేదని తేల్చుకోవడం మాత్రం తప్పనిసరి. పది రోజులుగా సగం సగం మాత్రలు మింగడంతో నొప్పి అణగి ఉండవచ్చు, జబ్బు అణగకపోవచ్చు. పైగా ఇప్పుడు చెవి స్రావాన్ని కల్చర్ పరీక్షకు పంపినా అసలు క్రిమి దొరక్కుండా పోవచ్చు. నిద్ర పట్టనంత నొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చీము, జ్వరం, మూతి ఒక పక్కకు లాగినట్టు ఉండడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ఏదీ లేకపోయినా రేపే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. టూరు అయ్యాక కాదు. సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఈ చెవికి ఎవరూ రాయలేదు కాబట్టి సొంతంగా కొనసాగించవద్దు. గ్లిమెపిరైడ్ మాత్రం ఈ జవాబు చదివి మానేయకండి. మీ షుగర్ డాక్టరుకు జరిగినదంతా చెప్పి, వ్యాయామం ఎక్కువగా ఉండే రోజుల్లో మోతాదు ఎలా మార్చుకోవాలో అడగండి. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని ఎన్నాళ్లయింది?

ఇక మీరు అడిగినవి. చెవిలో ఎముక పెరగడం నిజమే. అది ఏళ్ల తరబడి చల్లటి నీటిలో, సుమారు 19 డిగ్రీల కంటే తక్కువ ఉన్న సముద్రంలో, తిరిగేవారికి వచ్చే సమస్య. మన బంగాళాఖాతం చలికాలంలోనూ అంత చల్లబడదు. రెండు నెలల సర్ఫింగ్‌తో ఎముక పెరగదు. ఇయర్‌ప్లగ్‌లు ఇప్పుడు అసలే వద్దు. ఇన్ఫెక్షన్ ఉన్న చెవికి బిరడా బిగిస్తే తేమ లోపలే ఉండిపోతుంది. చెవి పూర్తిగా తగ్గిందని డాక్టరు చెప్పేవరకు, ఆ పైన కనీసం ఒక వారం, తల నీటిలో ముంచవద్దు. స్నానం చేసేటప్పుడు దూదికి వ్యాజ్‌లైన్ రాసి చెవి బయట అడ్డం పెట్టుకోండి. నూనె కాచి పోయడాలు, వెల్లుల్లి రసాలు వద్దు.

అంటే వచ్చే వారం మీకు సర్ఫింగ్ లేదు. కుటుంబంతో వెళ్లండి, ఇసుకలో నడవండి. అదీ చెప్పులతోనే. మధ్యాహ్నపు ఇసుక ఎంత కాలుతుందో తెలిసిందే, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే బొబ్బ లేచేదాకా తెలియదు. పాదం మీద చిన్న గాయం ఉన్నా సముద్రపు నీటిలోకి దిగకండి. ఉప్పునీటిలో ఉండే కొన్ని బాక్టీరియాలు షుగర్, కాలేయ జబ్బులు ఉన్నవారిలో గంటల్లో కాలంతా పాకగలవు. వాన కురిసి గెడ్డల (వాగుల) నీళ్లు వచ్చి కలిశాక రెండు మూడు రోజులు ఎవరూ దిగకపోవడమే మంచిది.

మళ్లీ సర్ఫింగ్ మొదలుపెట్టే రోజు వస్తే, దిగే ముందు గ్లూకోమీటరుతో చూసుకోండి. 100 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని, పెరిగాకే దిగండి. ఖాళీ కడుపుతో వద్దు, ముందు రోజు రాత్రి మద్యం అసలే వద్దు. ఒంటరిగా వెళ్లకండి. మీకు షుగర్ ఉందని, పడిపోతే ఎలా ఉంటుందో, ఏమివ్వాలో నేర్పించే అతనికి ముందే చెప్పండి. సిగ్గుపడాల్సిన పని లేదు. వణుకు, చెమట మొదలైతే ఒడ్డుకు వచ్చి మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. 70 కంటే తక్కువే ఉంటే ఇంకోసారి. ఆ రోజుకు సముద్రం ముగిసినట్టే.

పిల్లల సంగతి. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి నాణ్యత, సదుపాయాలు, భద్రత లాంటి ప్రమాణాలు చూసి ఇచ్చే గుర్తింపు అది. అలలకు, ప్రవాహాలకు ఆ సంగతి తెలియదు. కొండ చాటు అనగానే చెరువు అనుకోవడం ఈ తీరంలో చాలామంది చేసే పొరపాటు. విశాఖలోనే ఉన్న యారాడ బీచ్ దగ్గర మూడు వైపులా కొండలు కనిపించేసరికి లోపలికి వెళ్లిపోయేవాళ్లూ ఇలాగే అనుకుంటారు. ఒడ్డును తాకిన నీరు ఎక్కడో ఒకచోట వెనక్కి వెళ్లాలి. రాళ్ల పక్కన అది పాయలా కట్టి లోపలికి లాగుతుంది. ఆ పాయలో అలలు తక్కువగా విరుగుతాయి కాబట్టి పైకి అదే ప్రశాంతంగా కనిపిస్తుంది. పిల్లలను తీసుకుని నేరుగా అక్కడికే వెళ్తాం. లాగేస్తుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోతారు. తేలుతూ, చెయ్యెత్తి పిలుస్తూ, వీలైతే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ పాయ నుంచి బయటపడాలి. లైఫ్‌గార్డులు ఉన్న చోట, వారు గుర్తుపెట్టిన హద్దులోపల, పగటిపూట, చెయ్యి చాస్తే అందే దూరంలో పెద్దవాళ్లు ఉండగా మాత్రమే పిల్లలను దిగనివ్వండి. మీ ఊళ్లోనే ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఎత్తయిన అలల హెచ్చరికలు ఇస్తుంది. బయలుదేరే ముందు ఒకసారి చూసుకోండి. జెల్లీ చేప తగిలితే రుద్దవద్దు, మంచినీళ్లు పోయవద్దు, సముద్రపు నీటితోనే కడగండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా ఆసుపత్రికి పరుగెత్తాలి.

సన్‌స్క్రీన్ ఏ కంపెనీది అయినా సరే. ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆ పైన, నీటికి తట్టుకునే రకం. దిగడానికి పావుగంట ముందు ధారాళంగా పూసుకుని, రెండు గంటలకు ఒకసారి, ఒళ్లు తుడుచుకున్నాక మరోసారి పూసుకోండి. పొడుగు చేతుల చొక్కా ఇంకా నమ్మకమైనది.

రేపు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ చుక్కల సీసా, సగం వాడిన మాత్రల స్ట్రిప్, షుగర్ మందుల చీటీ మూడూ జేబులో పెట్టుకోండి. 'తెల్లగా ఉండే మాత్ర' అని వర్ణించే రోగుల వల్ల మాకు చాలా సమయం పోతుంది.